గాలి తగలని చల్లదనం

చిలకలూరిపేట చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలను ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఏసీలంటారు. కాయకు ధర లేకపోతే రైతు 'ఏసీలో పెట్టాను' అంటాడు. తెల్లారి ఆటో ఎక్కే ఆడకూలి 'ఏసీకి పోతున్నా' అంటుంది. ఖుర్షిదా పదకొండేళ్ళు అలా ఏసీకి వెళ్ళింది. చల్లటి గదుల్లో మిరపకాయలుండేవి. వాటి పక్కన రేకుల షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు గోనెపట్టాలు పరుచుకుని తొడిమలు తీసేవాళ్ళు. ముక్కుకు గుడ్డ, చేతులకు కొబ్బరినూనె, పైన మండే రేకు.

ఆ జనవరి చివర్లో షెడ్డు తగలబడింది. గోడ మీది కరెంటు పెట్టె పది రోజులుగా చిటపటలాడుతూనే ఉంది. ఖుర్షిదా పక్కన కూర్చునే వెంకటరావమ్మ ఆ సంగతి మేనేజరు బుల్లయ్యకు రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పే అవసరం రాలేదు. ఎండుమిరపకాయ అంటుకుంటే మంట కంటే ముందు ఘాటు వస్తుంది. కళ్ళు తెరవడానికి ఉండదు. ఖుర్షిదా తడుముకుంటూ అందరితోపాటు ముందు గుమ్మం దగ్గరి కాటా వైపు పరుగెత్తింది. వెంకటరావమ్మ వెనక షట్టరు వైపు పరుగెత్తింది. కాయ బయటికి పోకుండా ఆ షట్టరుకు పగలు కూడా తాళం ఉంటుందన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ పొగలో వెంకటరావమ్మకు గుర్తొచ్చి ఉండదు.

ఖుర్షిదాకు వీపు, మెడ, రెండు చేతులు, అరచేతులు కాలాయి. గుంటూరు పెద్దాసుపత్రిలో నాలుగు నెలలుంది. తొడల మీది చర్మం తీసి వీపుకు, చేతులకు అతికారు. మే నెల మూడో వారంలో ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ ఆమె భర్త నాగూర్ వలిని పక్కకు పిలిచి చెప్పింది.

"అతికిన చర్మానికి చెమట పట్టదు. ఒంట్లో వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. ఎండాకాలంలో ఈమెను వేడి గదిలో ఉంచావంటే చేజేతులా చంపుకున్నట్టే. చలికి కూడా ఆగదు, చర్మం బిగుసుకుపోతుంది. ఏడాది పొడుగునా గది ఒకే రకంగా ఉండాలి."

నాగూర్ వలి మార్టూరులో గ్రానైటు పలకలకు పాలిష్ పట్టే మిల్లులో పని చేస్తాడు. డాక్టరమ్మ చెప్పినదానికల్లా తలూపాడు. బయటికొచ్చాక వరండా మెట్టు మీద కూర్చుని ఆ మాటనే మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు. ఏడాది పొడుగునా ఒకే రకంగా.

ఇంటికొచ్చిన మూడో రోజుకే రోహిణి కార్తె మొదలైంది. అత్త జానీబీ తెల్లారేసరికి తడిపిన దుప్పట్లు కిటికీలకు కట్టేది. మధ్యాహ్నానికి అవి అప్పడాల్లా ఎండేవి. ఫ్యాను వేస్తే నిప్పుల మీద విసనకర్ర విసిరినట్టుండేది, ఆపేస్తే ఊపిరాడేది కాదు. పన్నెండు దాటితే ఖుర్షిదా ముఖం కందగడ్డలా అయ్యేది, మాట తడబడేది. జానీబీ కోడల్ని స్నానాల గదిలో బండ మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళు పోస్తూ కూర్చునేది. ట్యాంకులో నీళ్ళు కూడా కాలేవి.

అలాంటి ఒక సాయంత్రం బుల్లయ్య వచ్చాడు. యాపిల్ పళ్ళు తెచ్చాడు, కొబ్బరిబోండాలు తెచ్చాడు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"నీ సంగతి విన్నకాడ్నించి ఓనరు గారికి అన్నం సయించట్లేదమ్మా," అన్నాడు. "మన ఇంటి మనిషికి జరిగినట్టేరా బుల్లయ్యా, ఆ గదికి ఏసీ పెట్టించు అన్నారు. మామూలుది కాదు. డాక్టరు ఏం చెప్పాడో దానికి తగ్గట్టు. కంపెనీ నీ ఇష్టం, రకం నీ ఇష్టం. మంచి మెకానిక్‌ని పంపుతా. నువ్వే కూర్చుని ఎంచుకో."

"కరెంటు బిల్లో?" అంది జానీబీ.

"అది కూడా ఆయనే చూసుకుంటారు పెద్దమ్మా. నేను మాటిస్తున్నాగా."

ఆయన వెళ్ళాక నాగూర్ వలి చాలాసేపు నవ్వు ముఖంతో తిరిగాడు. ఖుర్షిదాకు మాత్రం ఒక్క మాటే చెవిలో ఉండిపోయింది. నువ్వే ఎంచుకో. ముప్పై ఎనిమిదేళ్ళలో పెళ్ళికొడుకు దగ్గర్నుంచి పొయ్యిగట్టు ఎత్తు దాకా ఎవరూ ఆమెను ఏదీ ఎంచుకోమనలేదు.

మర్నాడు మెకానిక్ ఇమ్మానియేలు వచ్చాడు. నలభై ఐదేళ్ళ మనిషి, తక్కువ మాట. టేపు పెట్టి గది కొలిచాడు. కిటికీ ఎటు వైపుందో, మీద మేడ ఉందో లేదో చూశాడు. పడమటి గోడ మీద అరచేయి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఖుర్షిదా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, గాలి ఎటు నుంచి తగిలితే మీకు బాధగా ఉంటది?"

ఆసుపత్రిలో కూడా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఖుర్షిదా ఆలోచించి చెప్పింది.

"ఎటు నుంచి తగిలినా బాధే అన్నా. వీపుకి తగిలితే సూదులు గుచ్చినట్టుంటది. మెడకి తగిలితే తోలు పగిలిద్ది. చల్లదనం తెలవాల. గాలి తెలవకూడదు."

ఇమ్మానియేలు తల పంకించాడు. "అయితే గోడకి తగిలించేది పనికిరాదు. అది మనిషి మీదకే కొట్టిద్ది. సీలింగులో నలుచదరంగా ఉండేది ఇంకో రకం, అదీ అంతే, నాలుగు వైపులకీ కొట్టిద్ది." సంచిలోంచి బొమ్మల పుస్తకం తీసి ఒక పేజీ తిప్పాడు. పొడుగాటి రేకు పెట్టె బొమ్మ. "దీన్ని ఎయిర్ హ్యాండ్లర్ అంటారు. పెద్ద పెద్ద హోటళ్ళలో గదంత ఉండిద్ది. ఇళ్ళకి చిన్న సైజులో వస్తన్నయ్. ఇది గదిలో కనబడదు. మీ బాత్‌రూం మీద అటక ఉంది చూడండి, అందులో కూర్చోబెడతా. అక్కడ్నించి గొట్టం తీసుకొచ్చి గోడ పొడుగూతా సన్న సందుల్లోంచి గాలి వదులుతా. అది పైకప్పుని పట్టుకుని పాకిద్ది, మెల్లగా కిందికి దిగిద్ది. మీ మీదకి ఊదదు."

"ఎటూ ఓనరు గారే ఇస్తున్నారుగా, రెండు టన్నులది పెట్టు," అన్నాడు నాగూర్ వలి గుమ్మంలోంచి.

"వద్దన్నా. ఈ గదికి ఒక టన్ను చాలు. పెద్దది పెడితే పది నిమిషాల్లో గడ్డకట్టించి ఆగిపోయిద్ది. గది వేడెక్కినాక మళ్ళీ లేచిద్ది. ఆమెకి చలీ వేడీ, చలీ వేడీ. గాల్లో తడి కూడా పోదు. చిన్నది రోజంతా నెమ్మదిగా తిరగాల."

"సన్నసెగ మీద పాలు కాచినట్టు," అంది ఖుర్షిదా.

ఇమ్మానియేలు మొదటిసారి నవ్వాడు. "అంతేనమ్మా."

చిన్న పెట్టెల్లోనే రెండు రకాలున్నాయి. ఒకటి ఎనిమిది అంగుళాల మందం. అటకలో పెట్టినా సగం చోటు మిగులుతుంది, జానీబీ రాగి బిందెలు, ఇత్తడి డేగిసాలు ఎక్కడివక్కడే ఉండొచ్చు. రెండోది పది అంగుళాలు, పొడుగు కూడా ఎక్కువ. దానికోసం అటక మొత్తం ఖాళీ చెయ్యాలి. జానీబీకి మొదటిదే నచ్చింది. ఖుర్షిదా మాత్రం రెండింటికీ తేడా ఏమిటని అడిగింది.

"ఫ్యాను," అన్నాడు ఇమ్మానియేలు. "ఇది మిరపకాయల ఊరు. సీజన్లో రోడ్డు మీద లారీ పోతే చాలు, ఇంట్లో తుమ్ములు. మీ ఒంటికి ఆ దుమ్ము తగలకూడదు. అందుకని మందపాటి ఫిల్టరు వెయ్యాల. ఫిల్టరు మందమైతే గాలి లాగడం కష్టం. సన్న పెట్టెలో ఫ్యానుకి అంత ఊపిరి లేదు. నాలుగు నెలలకే ఆయాసపడిద్ది."

"చలికాలంలో?"

"ఇదే వెచ్చటి గాలి కూడా ఇచ్చిద్ది. మన వైపు ఎవరూ అడగరు గానీ, అట్టా పనిచేసే రకం ఉంది. అదే రాస్తా."

"చప్పుడు?"

"పెద్దదానికే తక్కువ. నిదానంగా తిరిగిద్ది గనక."

ఖుర్షిదా పేజీ మీద వేలు పెట్టింది. ఆ వేలు పూర్తిగా చాపడానికి రాదు, కొక్కెంలా వంగే ఉంటుంది. పది అంగుళాలదాని మీద పెట్టింది. "ఇది," అంది. జానీబీ గొణుక్కుంటూనే ఆ సాయంత్రం అటక మీది బిందెలన్నీ దించి, తుడిచి, మంచం కిందకు చేర్చింది.

ఆ నాలుగైదు రోజులు ఖుర్షిదా గదిని కొత్తగా చూసుకుంది. సందులు ఎక్కడొస్తాయో, గొట్టం ఎటు వంగుతుందో, మంచం ఏ గోడకు జరపాలో లెక్కలు వేసుకుంది. మధ్యాహ్నాలు ఒళ్ళు పొయ్యిలా కాలుతున్నా ఆ లెక్కల్లో పడితే కాస్త తెరిపిగా ఉండేది.

జూన్ మొదటి వారంలో పెట్టెలు దిగాయి. లోపలిది ఒకటి, బయటిది ఒకటి, గొట్టాల చుట్టలు, స్టెబిలైజరు. వసారా నిండిపోయింది. వాటితోపాటే బుల్లయ్య వచ్చాడు. ఈసారి పళ్ళు తేలేదు. ఒక కాగితం తెచ్చాడు.

ఖుర్షిదా ఏడో తరగతి దాకా చదివింది. కాగితం తనే తీసుకుని నెమ్మదిగా చదివింది. ప్రమాదం జరిగిన రోజు మధ్యాహ్నం వెంకటరావమ్మ అనే కూలీ, వద్దని చెప్పినా వినకుండా, టీ పెట్టుకోవడానికి షెడ్డులో పొయ్యి వెలిగించిందనీ, దాని నుంచి గోనెసంచులు అంటుకున్నాయనీ, తాను కళ్ళారా చూశాననీ రాసి ఉంది. కింద సంతకానికి చోటు.

"షెడ్డులో పొయ్యి లేదు గదండీ," అంది.

"వాచ్‌మన్‌ది ఉంది."

"అది గేటు కాడ గదా. షెడ్డులోకి ఎప్పుడూ రాలేదు."

బుల్లయ్య కోప్పడలేదు. స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "విచారణ వస్తందమ్మా. కరెంటు పెట్టె వల్ల అని తేలిందనుకో, ఏసీ మూతపడిద్ది. మూడొందల మంది పొట్టలు కొట్టినట్టయిద్ది. ఓనరు గారు జైలుకి పోతారు, నేనూ పోతా. ఆయనే పోతే ఈ కరెంటు బిల్లు ఎవరు కడతారు? నువ్వే చెప్పు."

"ఆమె మీకు రెండు మాట్లు చెప్పింది, పెట్టె సంగతి. నేను పక్కనే ఉన్నా."

"చెప్పింది," అన్నాడు బుల్లయ్య. "కాదన్లేదు. కానీ ఆమె పోయింది. పోయినామెకి కొత్తగా పోయేదేముంది? నువ్వు ఉన్నావ్."

"యలమందయ్యన్నకో?"

వెంకటరావమ్మ భర్త యలమందయ్య. చేలకు, తోటలకు మందు కొట్టే పనికి వెళ్తాడు. భార్య పోయిన దగ్గర్నుంచి ఆ ఏసీ గేటు ముందు కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ కరెంటు పెట్టె సంగతి, తాళం సంగతి చెబుతున్నాడు.

"అతనికి మేం చేసేది చేస్తాం," అన్నాడు బుల్లయ్య లేస్తూ. "తొందరేం లేదు. పెట్టెలు ఇక్కడే ఉంటయ్. నువ్వు చెప్పిన రోజే ఇమ్మానియేలు వచ్చి బిగిస్తాడు. నీ ఇష్టం."

పెట్టెలు మూడు రోజులు వసారాలోనే ఉన్నాయి. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా వాటిని రాసుకునే పోవాలి. నాగూర్ వలి పని నుంచి వచ్చి వాటి పక్కన బూట్లు విప్పుకునేవాడు. రెండో రోజు ఖుర్షిదాయే అడిగింది.

"ఏం చెయ్యమంటావయ్యా?"

అతను జుట్టులో గ్రానైటు పొడి దులుపుకుంటూ నేల చూశాడు. "నీ ఇష్టం," అన్నాడు.

బుల్లయ్య కూడా అదే మాట అన్నాడని ఆమెకు గుర్తొచ్చింది. అందరూ ఒక్కసారిగా ఆమె ఇష్టానికి ఇంత విలువిస్తున్నారు.

జానీబీ మాత్రం దాచుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం నీళ్ళు పోస్తూ అంది: "నువ్వు రాయకపోతే ఆమె లేచి రాదు. రాస్తే నువ్వు బతుకుతావ్. పాపమంటావా, నా లెక్కలో వెయ్యమని అల్లాకి చెప్పుకుంటా. నాకెన్నాళ్ళున్నయ్ గనక."

ఆ రోజు రేడియోలో నలభై ఆరు డిగ్రీలన్నారు. మూడు గంటలప్పుడు ఖుర్షిదాకు కళ్ళు పైకి తేలిపోయాయి. జానీబీ కేకలకు పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి బిందెలతో నీళ్ళు గుమ్మరించారు. సోడా దుకాణం నుంచి ఐసు తెచ్చి చంకల్లో పెట్టారు. తెలివొచ్చేసరికి అయిదయింది. కళ్ళు తెరిచి మొదట అన్న మాట, "బుల్లయ్య గారికి ఫోన్ చెయ్యి."

ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. ఆ తర్వాత అయినవాళ్ళు, బలవంతపెడితేనేగా నువ్వు రాసింది అని ఓదార్చబోయినప్పుడు ఆమె తల అడ్డంగా ఊపేది. తనే ఫోన్ చెయ్యమంది.

బుల్లయ్య వేలిముద్ర చాలన్నాడు. సిరా పెట్టె తెరిచి ఆమె బొటనవేలు అద్దించాడు. కాగితం మీద నీలం మచ్చ పడింది గానీ అందులో ఒక్క గీత లేదు. కాలిన వేలుకు గీతలు మిగల్లేదు. "చెల్లదు ఇది," అన్నాడు ఆయన కాగితం వెలుతురులో పెట్టి చూసి. రెండో కాగితం తీశాడు. ఖుర్షిదా కలం రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని తన పేరు రాసింది. మూడు అక్షరాలు పూర్తవడానికి బుల్లయ్య టీ తాగేంత సేపు పట్టింది.

ఇమ్మానియేలు రెండు రోజులు పని చేశాడు. అటకలో పెట్టెను మట్టం చూసి కూర్చోబెట్టాడు. నీళ్ళు కారే గొట్టానికి వాలు సరిగా ఉందో లేదో మగ్గుతో పోసి చూసుకున్నాడు. గోడ పొడుగునా సందులకు తెల్లరంగు వేశాడు. అంత శ్రద్ధగా పని చేసే మనిషిని ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. రెండో రోజు సాయంత్రం ఇరవై అయిదు మీద పెట్టి, అరచేయి ఆమె మంచం మీదుగా అటూ ఇటూ ఆడించి చూశాడు.

"గాలి తెలుస్తందా అమ్మా?"

"లేదన్నా."

"ఫిల్టరు నెలకోసారి కడగండి."

"అన్నా," అంది ఖుర్షిదా. "ఇది ఎట్టా వచ్చిందో నీకు తెలుసా?"

ఇమ్మానియేలు సామాను సంచి సర్దుకుంటున్నాడు. "నాకు మిషన్ల సంగతే తెలుసమ్మా," అన్నాడు. తల ఎత్తలేదు.

ఆ మిషను అతను చెప్పినట్టే నడిచింది. ముందు దుప్పటి చల్లబడింది, తర్వాత గోడలు, తర్వాత ఆమె ఎముకలు. ఏ వైపు నుంచి వస్తుందో తెలియదు. చేయి చాపితే ఏమీ తగలదు. ఖుర్షిదా పదకొండు గంటలు మెలకువ లేకుండా నిద్రపోయింది. జనవరి తర్వాత అంత నిద్ర అదే. లేచాక ఆకలేసింది. జానీబీ గుడ్డు అట్టు పోసి పెడితే రెండు తింది. సుఖంగా ఉంది. ఆ మాట అబద్ధం కాదు.

ఆగస్టులో విచారణకు గుంటూరు తీసుకెళ్ళారు, కారులో ఏసీ వేసి. బల్ల వెనక కూర్చున్న అధికారి కాగితం చదివి, ఇదంతా నిజమేనా, పొయ్యి వెలిగించింది ఎవరు అని అడిగాడు. గోడవార బెంచీ మీద యలమందయ్య ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. అప్పటిదాకా ఆమెను చూసి ధైర్యంగా ఉన్నాడు. ఆ రోజు షెడ్డులో ఉండి బతికిన మిగతావాళ్ళు కూలి కోసం మళ్ళీ అదే ఏసీ వైపు చూసేవాళ్ళు. నోరు విప్పగలిగింది ఆమె ఒక్కతే మరి.

"వెంకటరావమ్మ," అంది ఖుర్షిదా.

"గట్టిగా చెప్పమ్మా."

"వెంకటరావమ్మ అండీ."

యలమందయ్య చొక్కా గుండీ ఒకటి పట్టుకుని తిప్పుతూ ఉండిపోయాడు. ఏసీ వాళ్ళ మీద అతను పెట్టిన అర్జీని ఆ నెలలోనే కొట్టేశారు. షెడ్డుకు కొత్త రేకులు వేశారు.

డిసెంబరు వచ్చింది. చలికి ఊరంతా దుప్పట్లు కప్పుకుంటే ఆ గది వెచ్చగా, ఇరవై అయిదు దగ్గరే ఉండిపోయింది. చర్మం బిగియలేదు. వేళ్ళు కొద్దికొద్దిగా చాపడం వచ్చింది. జనవరిలో మిర్చి లారీలు మొదలైనప్పుడు ఊరంతా తుమ్మింది, ఆమె తుమ్మలేదు. ఎంచుకోవడంలో ఆమె ఎక్కడా పొరపాటు పడలేదు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం గుమ్మంలో యలమందయ్య కనబడ్డాడు. జానీబీ కోడలి మంచం దగ్గరికి జరిగింది. నాగూర్ వలి పనిలో ఉన్నాడు. ఖుర్షిదా మంచం మీద లేచి కూర్చుంది. తిట్టడానికే వచ్చాడనుకుంది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

అతను చాలా చిక్కిపోయాడు. తలపాగా విప్పి చేతిలో పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. తాటిముంజలు తెచ్చాడు, ఆకులో చుట్టి.

"చూసిపోదామని వచ్చానమ్మా. ముందే రావాల్సింది," అన్నాడు. "నాకు ముఖం చెల్లలేదు."

ఖుర్షిదాకు అర్థం కాలేదు.

"ఏసీ వాళ్ళు అబద్ధమాడుతున్నారని నేను ఊరంతా తిరిగి అరిచా. నువ్వు చెప్పినాక ఇంకేముంది. నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదు. మా దానికి నువ్వంటే ప్రాణం. పదకొండేళ్ళు మీరిద్దరూ ఒక పట్టా మీద కూర్చున్నారు." అతను తలపాగా గుడ్డ మడత పెట్టుకున్నాడు. "అది చేసిన పనికి నువ్వు ఇట్టా అయిపోయావ్. పోయినదాన్ని తిట్టుకోబాకమ్మా. దాని తరఫున నేను అడుగుతున్నా. మనసులో పెట్టుకోబాక."

ఖుర్షిదా నోరు తెరిచింది. "అన్నా, ఆ రోజు పొయ్యి..." అంది.

"వద్దులే తల్లీ," అన్నాడు యలమందయ్య చేయెత్తి. "ఇంక ఆ మాట తలవబాక. నేను మర్చిపోదామనే చూస్తున్నా."

ఆమె ఆగిపోయింది. ఆగగానే గుండె మీంచి బరువు దిగినట్టయింది. చెప్పకుండా తప్పించుకున్నందుకు వచ్చిన ఆ హాయిని ఆమె స్పష్టంగా గుర్తుపట్టింది. కాగితం మీద సంతకం పెట్టిన రోజు కూడా తన మీద తనకు అంత రోత పుట్టలేదు.

"ఇక్కడ చల్లగా ఉందే," అన్నాడతను చుట్టూ చూసి. "మిషను కనబడట్లేదు."

"అటకలో ఉంది," అంది జానీబీ.

"మంచిదిలే. ఆ మాత్రం చేశారు." పొద్దుట్నుంచి ఎండలో మందు కొట్టి వచ్చిన మనిషి. మాట్లాడుతూనే గోడకు ఆనుకున్నాడు. కాసేపటికి పక్కకు ఒరిగి, తలపాగా తల కింద పెట్టుకుని నిద్రపోయాడు. అరికాళ్ళు పగిలి, వాటిలో పురుగుమందు తెల్లగా పేరుకుని ఉంది. ఖుర్షిదా రెండు గంటలు అతన్ని చూస్తూ కూర్చుంది. లేచాక చెబుదామనుకుంది. లేచాడు, ఇంత నిద్ర ఎట్టా పట్టిందో అని సిగ్గుపడ్డాడు, మంచినీళ్ళు తాగాడు.

"మళ్ళీ రా అన్నా," అంది.

అతను నిజంగానే వచ్చాడు. ఆ వేసవంతా వారానికి ఒకసారో రెండుసార్లో మధ్యాహ్నం పని ఆపి వచ్చేవాడు. ఎప్పుడూ ఖాళీ చేతుల్తో రాలేదు. ముంజలు, దోసకాయ, ఒకసారి జానీబీకి వక్కలు. గోడవార అదే చోట పడుకుని ఒక నిద్ర తీసి వెళ్ళేవాడు. అతను వచ్చే రోజుల్లో ఖుర్షిదా పొద్దుట్నుంచి ఏమీ తినలేకపోయేది. రానివ్వొద్దని జానీబీతో చెప్పాలనుకునేది. చెప్పలేదు. పొయ్యి మాట కూడా ఇంకెప్పుడూ ఎత్తలేదు.

వానలు పడ్డాక చీమకుర్తిలో ఒక క్వారీకి కాపలా పని దొరికిందని చెప్పి వెళ్ళిపోయాడు.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం నాగూర్ వలి అన్నం ముందు కూర్చుని చెప్పాడు. చీమకుర్తి నుంచి మార్టూరుకు బండలు తెచ్చిన లారీ డ్రైవరు మిల్లు దగ్గర అతని పేరు కనుక్కుని మరీ పలకరించాడట.

"యలమందయ్య అక్కడ అందరికీ నీ గురించి చెప్తున్నాడంట. తోడబుట్టింది కూడా అట్టా చూసుకోదు, అంత మంచి మనిషి నూటికి ఒకరుంటారు అన్నాడంట."

"నువ్వేమన్నావ్?"

"ఏమంటా?" నాగూర్ వలి ముద్ద కలిపాడు. "ఔనన్నా."

జానీబీ కోడలి కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది. ఖుర్షిదా వంగిన వేళ్ళతో దాన్ని అన్నంలో కలుపుకుని తింది.